నల్ల కండువా పున్నారావుగారు

మా బసవపున్నారావుగారికి మనుషుల మొహాలు గుర్తుండవు, చక్రాలు గుర్తుంటాయి. నూజివీడులో ఆయన మామిడికాయల కమిషన్ కొట్టు ముందు ఏ బండి ఆగినా సరే, "రండి, కూర్చోండి" అనకముందే భుజాన కండువా తీసి, బక్కెట్లో ముంచి, చక్రం ముందు గొంతుక్కూర్చునేవారు. రిమ్ముకి పట్టిన నల్లటి బ్రేకు పొడి కంటబడిందా, ఇహ వెనకాల కొట్టు తగలబడుతున్నా లేచేవారు కాదు.

మళ్ళీ ఆ కండువాతోనే మొహం తుడుచుకునేవారు. అందుకే ఊళ్ళో ఏ పెళ్ళి ఫొటో చూసినా, అక్షింతలు వేసేవాళ్ళలో ఒకాయన బొగ్గుబస్తా మోసొచ్చినట్టు ఉంటాడు. ఆయన ఈయనే.

"ఇస్త్రీ కండువా వేసి పంపిస్తే మసిగుడ్డ చేసుకొస్తారండీ! బట్టలుతికే ఆవిడ నన్ను చూస్తే సందు మారిపోతోంది" అని వాళ్ళావిడ వరలక్ష్మిగారు వాపోయేవారు.

ఓసారి చాట్రాయి నుంచి పెద్దమనుషులు సంబంధం మాట్లాడ్డానికి వచ్చారు. ఈయన వాళ్ళ కారు పక్కన నేలమీద ఉన్నారు. "పున్నారావుగారు లేరా?" అనడిగితే, "మీరు కానివ్వండి, వింటున్నాను" అని వెనక చక్రం దగ్గర్నుంచి కేక! వెళ్తూ వెళ్తూ వాళ్ళలో ఒకాయన, క్లీనరనుకుని టీకి డబ్బులిచ్చాడు. పుచ్చుకున్నారు కూడా, మహానుభావుడు!

నేను అద్దెకి అంబాసిడర్ తిప్పేవాణ్ణి. ఆయనకి రోజూ నాతోనే పండగ.

"రామచంద్రం, ఆపు!"

"తొందరలో ఉన్నానండీ."

"వెధవ తొందర. చక్రం చూడవయ్యా, పొయ్యిలోంచి తీసినట్టుంది."

పోనీ నేనే ఉఫ్మని ఊదేద్దామని వంగితే మెడపట్టి వెనక్కి లాగేవారు. "ఊదకు! ముక్కులోకి పోతుంది. దానికి తడిగుడ్డే మందు."

అవి మామిడికాయ ముమ్మరంగా దిగుతున్న రోజులు. మా ఆవిడ సరోజకి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగింది, నొప్పులు మొదలవగానే బెజవాడ తీసుకుపొమ్మని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఓ పొద్దున నొప్పులు రానే వచ్చాయి. సరోజనీ మా అత్తగారినీ ఎక్కించుకుని బయల్దేరానా, కొట్టు దగ్గర రోడ్డుకి అడ్డంగా ఈయన, చేతిలో తడి కండువా!

"తప్పుకోండి బాబూ! మా ఆవిడకి నొప్పులు!"

"అయ్యో తల్లీ! ఒక్క చక్రం తుడిచేసి..."

"మీకేమైనా మతిపోయిందా? నా పెళ్ళాం, బిడ్డ ఏమైపోవాలి?" అని గయ్యిమన్నాను. మా అత్తగారైతే కిటికీలోంచి తలపెట్టి ఆయన వంశం మొత్తాన్ని తిట్టిపోసింది.

అప్పటికే ఆయన వెనక చక్రం లోపలివైపు చెయ్యి పోనిచ్చారు. బయటికి తీసి చూసుకున్నారు. మొహంలో నవ్వు పోయింది.

"పొడిగా ఉండాల్సిన చోట జిడ్డుగా ఉందయ్యా. బ్రేకాయిల్ కారిపోతోంది. ఏదీ, మళ్ళీ బ్రేకు తొక్కు."

తొక్కాను. ఇందాక ఎలాగో ఆగింది గానీ, ఈసారి పెడల్ మెత్తగా అడుక్కంటా పోయింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ అంతే.

"చూస్తావేం? అమ్మాయిని నా కారెక్కించు!" అని తనే స్టీరింగ్ పట్టారు. దారి పొడుగునా మా అత్తగారు ఆ వంశాన్నే దీవించింది.

సాయంత్రానికి ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఆస్పత్రి వరండాలో ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

"బ్రేకులు చూస్తున్నానని చెప్పొచ్చు కదండీ? ఊరంతా పిచ్చాడంటున్నారు!"

"చెప్తే వింటారుటయ్యా? బ్రేకులు చూపించుకోమంటే, నా బండికేం అని మీసం మెలేస్తారు. ఊరికే కడుగుతానంటే మాత్రం కాళ్ళు బారజాపుకుని కూర్చుంటారు. అప్పుడెప్పుడో విస్సన్నపేట దారిలో బ్రేకులు పడక నా కాయల లారీ కాలవలోకి పోయింది. లోడు మీద కూర్చున్న కూలీలు, దేవుడి దయ, బతికి బట్టకట్టారు. అప్పట్నుంచీ చక్రం కనపడితే చెయ్యి ఊరుకోదు" అంటూనే ఆయన చూపు గేటు దగ్గరున్న వ్యాను మీద పడింది. "ఇప్పుడే వస్తా. నీళ్ళెక్కడయ్యా ఇక్కడ?"

పిల్ల తప్పటడుగులు వేసే నాటికి, నడక నేర్చుకోమని పున్నారావుగారే మూడు చక్రాల చెక్కబండి తెచ్చారు. పిల్ల ఎగబడుతుంటే "ఉండమ్మా" అని నేను కింద చతికిలబడి, తువ్వాలు తడిపి, ఒక్కో చక్రం తుడిచి, లాగి లాగి చూశాను.

సరోజ నవ్వాపుకోలేకపోయింది. "దానికి బ్రేకులే లేవు కదండీ!"

"లేనప్పుడే ఇంకా జాగ్రత్తగా చూడాలమ్మా" అన్నారు పున్నారావుగారు. "లోపలివైపు కూడా తుడువు రామచంద్రం" అంటూ తన నల్ల కండువా తీసి నా చేతికిచ్చారు.