కొలత వదిన చూసిన వరద

మా వీధి నది దాకా వెళ్ళి ఆగిపోతుంది. చివరి ఇల్లు కొలత వదినది. ఆమె నాకు చుట్టం కాదు, పక్కింటావిడ. ఈ వీధిలో కాపురం పెట్టిన వారంలోనే వరస కలిపేశాను. వరస కలపనిదే నాకు మాట సాగదు.

ఆమె ఉద్యోగం నీళ్ళు చూడడం. రేవు మెట్ల పక్కన నీళ్ళలోకి దింపిన ఇనప కొలబద్ద ఒకటుంది. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి మెట్లు దిగి, నది ఏ గీత దగ్గరుందో చూసి పుస్తకంలో రాయాలి. నెలాఖరున ఆ కాగితాలు రోడ్ల శాఖకు పోస్టులో పంపాలి. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. నది గడ్డకట్టే నెలల్లో మంచుకు కన్నం పొడిచి మరీ చూసేది. "గడ్డకట్టిన నది ఎక్కడికి పోతుంది వదినా, నిన్నటి అంకె వేసెయ్యి" అన్నానొకసారి. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. మా ఆయనతో నాకు మాటామాటా పెరిగిన రోజున మాత్రం గోడ మీంచి తొంగిచూసి, "ఇవాళ మట్టం ఎంత?" అని అడిగేది.

మాది ఉత్తరాన ఆఖరి ఊరు. రోడ్డు అవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగిపోతుంది. ఇవతలికి రావాలంటే బల్లకట్టు ఎక్కాలి, నది గడ్డకట్టాక మంచు మీద నడవాలి. మంచు విరిగే నెలన్నరా ఆ రెండూ కుదరవు. ఎవరికి ఏ రోగమొచ్చినా అన్నాళ్ళూ ఇక్కడే పడి ఉండాలి. మా అత్తగారు అవతలి ఒడ్డున ఆస్పత్రి దీపాలు చూస్తూ చూస్తూనే కన్నుమూసింది. అందుకే వంతెన మాట ఎవరెత్తినా వీధి వీధంతా చెవులు రిక్కించేది.

చివరికి ఒక ఇంజినీరు వచ్చాడు. మా మేడ మీది గదిలో అద్దెకు దిగి రెండేళ్ళున్నాడు. ముప్పై దాటని మనిషి, మంచి మర్యాదస్తుడు. రోజుకో ఇంట్లో పిలిచి భోజనం పెడుతుంటే 'వీధి అల్లుడు' అన్న పేరు స్థిరపడిపోయింది. అందరికన్నా ఎక్కువసార్లు పెట్టింది వదినే.

అతనికి కావలసినవి ఆమె పుస్తకాలు. వంతెన ఎంత ఎత్తున కట్టాలన్నది నదికి వచ్చిన అతి పెద్ద వరదను బట్టి ఉంటుందట. మా నదికి అది పదకొండేళ్ళ కిందట వచ్చింది. మంచుగడ్డలు ఒంపులో ఇరుక్కుని నదిని ఆపేశాయి. నీళ్ళు వెనక్కి ఎగదన్ని వీధిలోకి వచ్చాయి. కొలబద్దేమో ఎనిమిది మీటర్ల దగ్గరే అయిపోయింది. వదిన తన గుమ్మం మెట్లలో మూడోదాని పక్క గోడ మీద, నీళ్ళు తాకిన చోట గీత గీసింది. వరద తీశాక తాపీమేస్త్రీ దగ్గర ఎత్తులు సరిచూసే నీళ్ళ గొట్టం అడిగి తెచ్చుకుని, ఆ గీతకూ కొలబద్దకూ మట్టం కలిపి చూసి పుస్తకంలో రాసింది: తొమ్మిది మీటర్ల నలభై.

ఇంజినీరు తన మూడుకాళ్ళ యంత్రం పెట్టి అదే గీతను మళ్ళీ కొలిచాడు. "పిన్నీ, మీ కొలత రెండు సెంటీమీటర్లు కూడా తప్పలేదు" అన్నాడు. ఆ వారమంతా వదిన కాళ్ళు నేల మీద ఆనలేదు.

అంతటితో నేను ఊరుకోవలసింది. ఒక సాయంత్రం అతనికి టీ ఇస్తూ వదిన గొప్పతనం చెప్పబోయాను. వరద వచ్చిన వారంలో ఆమెకు ఒళ్ళు కాలిపోయే జ్వరమనీ, అయినా ఒక్క పూట మానలేదనీ, నేనే దుప్పటి కప్పి చెయ్యి పట్టుకుని నడిపించాననీ పూసగుచ్చినట్టు చెప్పాను. అతను పుస్తకం పక్కన పెట్టి, "తర్వాత ఏమైందండీ?" అంటూ విన్నాడు. శ్రద్ధగా వినే మనిషి దొరికితే నాకు ఒళ్ళు తెలియదు.

అతను పని ముగించుకుని వెళ్ళిన ఆరునెలలకు బడి హాల్లో మీటింగు పెట్టారు. పెద్ద అధికారి ఒకాయన వచ్చాడు. పక్కన మా వీధి అల్లుడు, ముందు అట్టవేసిన లావుపాటి నివేదిక. అధికారి చెప్పినదాంట్లో నాకు అర్థమైనది ఇదీ. ఉత్తరపు రోడ్డుకు వంతెనలు అయిదు. అయిదింటికీ కలిపి ఒకటే నిధి. మాది అయిదోది కాబట్టి ముందు నాలుగూ తినగా మిగిలినదాంట్లో ఇమడాలి. ఎత్తు పెరిగితే రెండు పక్కలా వంతెన మీదికి ఎక్కే మట్టికట్టలు పొడుగవుతాయి, నిధి చాలదు. చాలకపోతే మా వాటా ఇంకో ప్రాంతానికి పోతుంది. అందుకని పెద్ద వరదను ఏడు మీటర్ల ఎనభైగా తీసుకున్నారు.

మరి తొమ్మిది నలభై ఏమైందని వదిన కూర్చున్న చోటి నుంచే అడిగింది. అధికారి పేజీ తిప్పి చదివాడు: "ఆ కొలత కొలబద్దపై చూసినది కాదు. తీవ్ర జ్వరంతో ఉన్న వ్యక్తి నమోదు చేసినది. కనుక పరిగణించలేదు."

వదిన లేచి నిలబడింది. అధికారిని కాదు, ఇంజినీరును అడిగింది.

"బాబూ, నువ్వే కదా యంత్రం పెట్టి చూశావు?"

అతను తల ఎత్తలేదు. "అది నేను ఊరికే చూసుకున్నది పిన్నీ. రికార్డులో లేదు."

అంత ఎత్తున నీళ్ళు చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పమన్నాడు అధికారి. మా వీధంతా అక్కడే ఉంది. నీళ్ళ గొట్టం ఇచ్చిన మేస్త్రీ తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆ వరదలో బస్తాల కొద్దీ పిండి పోగొట్టుకున్న రొట్టెల కొట్టాయన కిటికీ వైపు తిరిగాడు. నా పక్కన మా కోడలు, ఏడో నెల. నేనూ లేవలేదు. 'అభ్యంతరం: ఒకటి' అని రాసుకున్నారు.

ఇంటికి వస్తుంటే సగం దారిలో వదిన నా వైపు తిరిగింది.

"నువ్వు చూశావుగా?"

"చూశాను."

"మరి?"

"కోడలికి ఏడో నెల వదినా. వచ్చే వంతెన కూడా పోతే..."

"వంతెన కట్టడానికి నాలుగేళ్ళంట. నీ మనవడు కడుపులో అందాకా ఆగుతాడా?"

ఇంకొకప్పుడైతే ఇద్దరం నవ్వేవాళ్ళం. ఆమె గేటు గడియ తీస్తూ, జ్వరం సంగతి అతనికి ఎవరు చెప్పి ఉంటారంది. ఎవరో చెప్పి ఉంటారని తప్పించుకోవచ్చు. నాకు అబద్ధం ఆడడం రాక కాదు, ఆ మొహం చూసి ఆడలేకపోయాను. నేనేనన్నాను. నీ గురించి గొప్పగానే చెప్పానన్నాను.

"ఇంకెప్పుడూ నా గురించి గొప్పగా చెప్పకు" అని తలుపు వేసుకుంది.

రాతపూర్వకంగా అభ్యంతరాలు పంపడానికి ముప్పై రోజులు గడువిచ్చారు. అందులో ఇరవై రోజులు నాతో నేను కొట్లాడుకోవడానికే సరిపోయాయి. నేను చదివింది అయిదో తరగతి. అయినా నా చేత్తోనే రాశాను: నీళ్ళు మూడో మెట్టు దాటడం నేను కళ్ళారా చూశాను, గీత గీసే రోజుకు ఆమెకు జ్వరం దిగిపోయింది, గీస్తుంటే పక్కన నిలబడింది నేనే. బల్లకట్టు దాటి, నాలుగు గంటలు బస్సులో కూర్చుని రోడ్ల శాఖ ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా నా కాగితం చదివి, బీరువాలోంచి ఒక రిజిస్టరు తీసి వేలితో చూపించాడు.

"ఆ ఫైలు మీటింగుకు నెల ముందే పైకి వెళ్ళిపోయిందమ్మా. సంతకాలయ్యాయి, నిధులు కూడా వచ్చేశాయి. మీటింగు పెట్టాలని రూలుంది కాబట్టి పెట్టారు."

మరి ఇదేం చేస్తావని అడిగితే, అందినట్టు ముద్ర వేసి నకలు నా చేతికిచ్చాడు.

ఊరు చేరేసరికి సాయంత్రం ఆరు కావస్తోంది. వదిన రేవులో ఉంది. తిన్నగా మెట్లు దిగి అంతా చెప్పాను. వాళ్ళు ముందే తేల్చేసుకుని మన ముందు నాటకమాడారని తిట్టాను. తిడుతుంటే లోపల ఎక్కడో కాస్త తేలికగా కూడా అనిపించింది.

"అయితే ఆ రోజు నేను లేచినా ఒకటే, కూర్చున్నా ఒకటే వదినా" అన్నాను.

ఆమె నీళ్ళకేసి చూసి అంకె రాసింది. పెన్ను మూత పెట్టింది.

"వాళ్ళకి ఒకటే" అంది. "నాకు ఒకటెలా అవుతుంది?"

పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను ముద్ర వేసిన నకలు పట్టుకుని కిందే ఉండిపోయాను.