పుస్తకంలో లేని పళ్ళెం

మా మేనత్త ఉద్యోగం చదవడం. బడిలో కాదు, బట్టలు కుట్టే షాపులో. చెబితే ఎవరూ నమ్మరు గనక ముందు ఆ సంగతి తేల్చేస్తాను.

షాపు ముందు గదిలో మిషన్లుంటాయి. అక్కడ గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. వెనక గదిలో చేతిపని: అంచులు మడిచి కుట్టడం, హుక్కులు, బొత్తాలు, కాజాలు. సూదికి చప్పుడుండదు కాబట్టి ఆ గదిలో పొద్దు పోదు. అందుకని షాపు నడిపే టైలరు మాస్టారి తండ్రి కాలం నుంచీ అక్కడ ఒక ఏర్పాటుంది. ఒకరు కుర్చీలో కూర్చుని చదువుతారు, మిగతావాళ్ళు కుడుతూ వింటారు. చదివే మనిషి వాటా గుడ్డలు మిగతావాళ్ళు తలా కొన్ని తీసుకుని కుట్టేస్తారు. అందుకు బదులు ఏ పుస్తకం చదవాలో వాళ్ళే చెబుతారు. నచ్చిన చోట వేలికున్న ఇత్తడి తొడుగుతో బల్ల మీద టకటకా కొడతారు. అవే వాళ్ళ చప్పట్లు. నచ్చకపోతే ఏమీ అనరు, తల వంచుకుని దారం కొరుకుతారు.

కాలేజీ మానేశాక నేను ఆ గదిలోనే ఇస్త్రీ చేస్తున్నాను. ఏ లెక్చరరు పాఠమూ చివరిదాకా విన్న పాపాన పోలేదు గానీ, అత్త చదివితే మాత్రం పెట్టె చల్లారిపోయినా తెలిసేది కాదు. నవల్లో దొంగ గోడ దూకితే అత్త గొంతు కూడా మునివేళ్ళ మీద నడిచేది.

ఒకప్పుడు అత్త అంచు కుడితే కుట్టెక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేదట. ఇప్పుడు వేళ్ళ కణుపులు వాచిపోయి సూది నిలవదు. కుర్చీ ఉన్నంతకాలం షాపులో పని ఉంటుంది. కుర్చీ పోతే ఇంటికే. ఈ మాట ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

అలాంటి గదిలోకి బహుమతి నవల వచ్చిపడింది. తెచ్చింది రేడియో. రేడియో అంటే హుక్కులు కుట్టే ఆవిడ. ఆ పేరెందుకొచ్చిందో ఆవిడ పక్కన కాసేపు కూర్చుంటే చాలు.

"ఊరంతా దీని గురించే చెప్పుకుంటున్నారు. మా అమ్మాయి ఏడ్చి ఏడ్చి అన్నం కూడా తినలేదు" అంది రేడియో. "మొగుడు మంచాన పడతాడు. ఆవిడ ఏళ్ళ తరబడి చేస్తుంది. ఒక్కనాడు విసుక్కోదు, మొహాన నవ్వు చెరగదు. అచ్చం నీ కథే అక్కా!"

అందరూ అత్త వైపు చూసి తలలూపారు. మా మావయ్య ఒక పక్క పడిపోయి, పోయేదాకా మంచం మీదే ఉన్నాడు. ఒళ్ళు తుడిచింది, ముద్ద కలిపి పెట్టింది, పక్క మార్చింది అత్తే. అత్త చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది.

మొదటి అధ్యాయం నుంచే తేడా తెలిసిపోయింది. ఇన్నేళ్ళలో ఆ గొంతు అంత చప్పగా ఉండగా నేను వినలేదు. అయినా గదంతా ముక్కులు ఎగబీల్చింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది కాజాలామె. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వాళ్ళమ్మ మంచంలో ఉంది. రోజూ మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ ఇంటికెళ్ళి, ఆవిణ్ణి పక్కకి తిప్పి, మళ్ళీ పరిగెత్తుకుంటూ వస్తుంది. ఆ నవల చదువుతున్నంతసేపూ ఆవిడ వేలితొడుగు బల్ల మీద మోగుతూనే ఉంది.

"ఏంటక్కా, కన్నీళ్ళొచ్చే చోట కూడా కరెంటు బిల్లు చదివినట్టు చదువుతావు? గొంతు బాలేదా?" అంది రేడియో.

మాస్టారు గుమ్మంలో నిలబడి, "అంత మంచి పుస్తకం మీ నోట్లో పడి పాడైపోతోందమ్మా. పోనీ కొన్నాళ్ళు రేడియోకిద్దామా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అత్త నవ్వలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను అడిగేశాను. "నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? ఆ పుస్తకం బాలేదంటే, మొగుడికి చెయ్యడం నీకిష్టం లేదా అంటారు."

"ఇష్టంగానే చేశావా?"

"నోర్మూసుకుని తిను" అంది అత్త, నా పళ్ళెంలో ఇంకాస్త వడ్డిస్తూ.

తిన్నాక నేను ఆ నవల అందుకుని తర్వాతి అధ్యాయం చదివాను. మొగుడు ముద్ద ఉమ్మేస్తాడు. ఆవిడ నవ్వి, కొంగుతో మూతి తుడిచి, ఇంకో ముద్ద కలుపుతుంది. ఆ నవ్వు గురించి రచయిత ఒక పేజీ నిండా రాశాడు. బాగానే రాశాడు, కాదనను.

మర్నాడు అత్త ఆ చోటికి వచ్చింది. మొగుడు ముద్ద ఉమ్మేశాడు. అత్త కొంచెం ఆగింది. తర్వాత గొంతు మారిపోయింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో, అసలు గొంతు బయటికొచ్చింది.

ఆవిడ పళ్ళెం విసిరేసింది. అది తలుపుకి కొట్టుకుని, దొర్లుకుంటూ మంచం కిందికి పోయి గిరగిరా తిరిగి ఆగింది. ఆయన ఆవిడనే చూస్తున్నాడు. ఆవిడ పెరట్లోకెళ్ళి కుళాయి తిప్పింది. చేతులు కడుక్కోవడానికి కాదు. ఆయన పిలిస్తే వినపడకుండా ఉండటానికి. బిందె నిండి పొర్లుతున్నా అలాగే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, మోకాళ్ళ మీద వంగి మంచం కింది నుంచి పళ్ళెం తీసి, కడిగి, మళ్ళీ కలిపి పెట్టింది. ఆయన తిన్నాడు. ఇద్దరూ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

బల్లలు దద్దరిల్లాయి. మిషన్ల గదిలోంచి ఎవరో తొంగి చూశారు. నేను పెట్టె పక్కన పెట్టి అత్తనే చూస్తున్నాను. ఆ పళ్ళెం మా ఇంట్లోనే ఉంది. అంచు సొట్టపోయి ఉంటుంది. నేను రోజూ దాంట్లోనే తింటాను.

గదిలో బల్ల కొట్టనిది కాజాలామె ఒక్కతే.

"ఇదీ పుస్తకమంటే! ఈ పూటకి నాకివ్వక్కా, మా అమ్మాయి చేత ఈ ముక్క మళ్ళీ చదివించుకుంటాను" అని రేడియో చెయ్యి చాపింది. అత్త ఏం చేస్తుంది? ఇచ్చింది.

పొద్దున్నే రేడియో చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. "తల్లీకూతుళ్ళం పుస్తకం తిరగేసి బోర్లేసి చూశాం. పళ్ళెం ఏది? కుళాయి ఏది? లేనిది చదివావా మాకు?"

రేడియో బల్ల మీద పడేసిన పుస్తకాన్ని అత్త తన వైపు లాక్కుంది.

"నీ వాటా మేం కుడుతుంటే మాకు నువ్వు చేసే పని ఇదా? ఇంకా ఎన్ని మార్చావు? ఆ దొంగ నిజంగా చచ్చాడా, లేక నువ్వు చంపావా?"

"అవునక్కా, ఆ డాక్టరు పిల్ల చివరికి వాడినే చేసుకుందా?" అని బొత్తాలు కుట్టే ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది.

"చేసుకుంది. దొంగా చచ్చాడు. వాటిలో అక్షరం మార్చలేదు" అంది అత్త. "ఇందులోనే మార్చాను. ఈ పుస్తకం నాకు నచ్చలేదు."

"అంత పెద్ద బహుమతిచ్చినవాళ్ళకి తెలీదా?"

"వాళ్ళ సంగతి నాకు తెలీదు. ఈవిడకి కోపం రాదు. ఏళ్ళ తరబడి పక్క గుడ్డలు ఉతికినా, ఒక్కసారి కూడా రాదు. అది చదువుతుంటే మీరంతా నావైపు చూసి కళ్ళొత్తుకుంటున్నారు. నేను ఆవిణ్ణి కాదు. నేను పళ్ళెం విసిరాను. లేవలేని మనిషి మీదికే విసిరాను. గురి తప్పి తలుపుకి తగిలింది, నా అదృష్టం."

అందరూ అత్త మీంచి చూపు తిప్పుకున్నారు. రేడియో కూడా.

చివరికి కాజాలామె, చేతిలో పని ఆపకుండా, "అది పుస్తకంలో ఉండదని నాకు నిన్ననే తెలుసు వదినా" అంది.

"ఎలా తెలుసు?"

"కుళాయి తిప్పుకోవడం. నేనూ అంతే చేస్తాను."

అత్త కుర్చీలో ముందుకి వంగింది. "మరి నీకెలా నచ్చిందే ఈ పుస్తకం?"

"అందుకే నచ్చింది. నా కోపం నాకు ఇంట్లో రోజూ ఉండేదే. పన్లోకొచ్చి కూడా అదే వినాలా? కోపం రాని మనిషి ఎక్కడో ఒకతి ఉందనుకుంటే, మధ్యాహ్నం అమ్మని తిప్పేటప్పుడు చెయ్యి కాస్త మెత్తగా పడుతోంది. ఈ నవల మొదలయ్యాక అమ్మ కూడా ఆ మాట అంది. నిన్న నువ్వు ఆ మనిషిని లేకుండా చేశావు."

అత్త కుర్చీలో వెనక్కి వాలింది. ఆ నవల పచ్చి అబద్ధమని నేను అప్పటికే తేల్చేసుకుని ఉన్నాను.

మాస్టారు వచ్చి, అంతా విని, పుస్తకం రేడియో చేతిలో పెట్టాడు. అత్త లేచి బల్ల దగ్గర కూర్చుని ఒక గుడ్డ ఒళ్ళోకి తీసుకుంది. సూది జారిపోయింది. వెతికి తీసింది. మళ్ళీ జారింది. నేను దారం ఎక్కించి ఇవ్వబోతే కసిరింది.

రేడియో చదువు చెప్పనే అక్కర్లేదు. వాక్యం చదువుతుంది, దాని మీద తన అభిప్రాయం చెబుతుంది, వాళ్ళ పక్కింటావిడ సంగతి చెబుతుంది, మళ్ళీ వాక్యం ఎక్కడ ఆగిందో వెతుక్కుంటుంది. మంచం మీది మనిషి దాహమడిగి ఎంతసేపైనా, ఆయనకి నీళ్ళు అందలేదు. అందరూ దారాలు కొరకడం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళబోతూ కాజాలామె అత్త దగ్గర ఆగింది. అత్త ఒళ్ళో అంచు సగం కూడా కాలేదు, కుట్టు వంకరటింకరగా పోయింది. ఆ గుడ్డ లాక్కుని తన కుప్పలో పడేసుకుంది.

"ఉన్నది ఉన్నట్టు చదువుతావా వదినా?"

"చదువుతాను. నచ్చిందని మాత్రం చచ్చినా అనను."

"అనొద్దు."

రేడియో పుస్తకం వెంటనే ఇచ్చేసింది. ఒకళ్ళు రాసిన మాటలు నోటితో పలకాల్సి రావడం ఆవిడకి శిక్షలాగే ఉన్నట్టుంది. మాస్టారు గుమ్మం దాకా వచ్చి, చూసి వెళ్ళిపోయాడు.

అత్త మాట తప్పలేదు. ఆ నవ్వులన్నీ, ఆ ఓర్పంతా ఒక్క అక్షరం పోకుండా చదివింది. కరెంటు బిల్లులా కూడా చదవలేదు. కాజాలామె ఇంటికి బయల్దేరే వేళకి గొంతు బాగా తగ్గించి, మెత్తగా చదివేది. ఆ కాసేపూ మిగతా అందరికీ సరిగ్గా వినపడేది కాదు. ఎవరూ గట్టిగా చదవమని అడగలేదు.

చివరి పేజీకి గదంతా వెక్కిళ్ళు. బల్లలు ఆగకుండా మోగాయి. అత్త పుస్తకం మూసింది.

"అయిపోయింది. నాకు నచ్చలేదు."

"నీకు నచ్చకపోతే మాకేంటక్కా, భలే ఏడిపించావు!" అని రేడియో ముక్కు చీదుకుంది.

కాజాలామె కళ్ళు తుడుచుకుని, ఇంటికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "ఆ పళ్ళెం ఇంకా ఉందా వదినా?"

"ఎక్కడికి పోతుంది? వీడు దాంట్లోనే తింటాడు."

అందరూ నావైపు తిరిగారు. ఏదో ఒకటి అనాలి కదా.

"సొట్టున్న వైపు చారు కారిపోతుంది. అటు ఎక్కువ పొయ్యకూడదు" అన్నాను.

కాజాలామె చాలా రోజుల తర్వాత నవ్వింది. తర్వాత వాళ్ళమ్మని తిప్పడానికి పరిగెత్తింది.