సమోసా ముద్దలో నీలం ప్లాస్టర్

కెనడాకి స్టూడెంట్స్ గుంపులు గుంపులుగా వచ్చిపడుతున్న రోజులవి. పార్ట్‌టైమ్ జాబ్ దొరకడమే గొప్ప. కిచెనర్ అనే ఊళ్లో క్వాలిటీ మేనేజ్‌మెంట్ చదువుతూ, ఫ్రోజెన్ సమోసాల ఫ్యాక్టరీలో చేరాను. అక్కడ వేలు తెగితే నీలం ప్లాస్టరే వేసుకోవాలి. తిండిలో ఆ రంగు ఉండదు కాబట్టి, ఊడిపడితే వెంటనే కనబడుతుందని.

ఒకరోజు పక్కన పనిచేసే అమ్మాయి "అక్కా, నా ప్లాస్టర్ ఊడిపోయింది!" అని కెవ్వుమంది. వెంటనే లైన్ ఆపేశాను. సూపర్‌వైజర్ వచ్చాడు, మన తెలుగాయనే. సమోసాల్లో పెట్టే ఆలూ ముద్దలో చెయ్యి పెట్టి కెలికి, రక్తం మరకతో ఉన్న ప్లాస్టర్ లాగి, చెత్తబుట్టలో పడేశాడు.

"దొరికింది కదా, లైన్ ఆన్ చెయ్" అన్నాడు.

"ముద్దంతా పారెయ్యాలి కదన్నా?" అన్నాను.

"క్లాసు పాఠాలు ఇక్కడ చెప్పకు. నీకు షిఫ్టులు కావాలా, వద్దా?" అంటూ తనే స్విచ్ నొక్కాడు.

బ్రేక్‌లో స్టాఫ్‌కి ఫ్రీగా సమోసాలు పెట్టారు. ఆయన మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరిచాడు.

"మీరు సమోసా తినరా అన్నా?"

"ఛీ, ఇక్కడివా? మా ఇంట్లో ఎవ్వరం ముట్టుకోం!" అన్నాడు, నోటినిండా పులిహోరతో.

ప్లాస్టర్ చూసినప్పుడు ఎలాగో ఆపుకున్న వాంతి, ఆ మాటకి ఆగలేదు.

ఆ పని ఎప్పుడో మానేశాను. ఇప్పటికీ ఎవరైనా సమోసా పెడితే, విరిచి లోపల నీలం ఉందేమోనని వెతుక్కుంటాను.