గళ్ల బోర్డు ముందు మా వంశప్రతిష్ఠ

మా ముత్తాతగారిని కోనసీమ లంకల్లో పల్లకీ దొరగారనేవారు. తాతగారు జిల్లా బోర్డుకు వెళితే కలెక్టరు లేచి కుర్చీ చూపించేవాడట (అలా చేశాడని చెప్పింది తాతగారే). తలుపు దాటేటప్పుడు తల వంచాల్సి వస్తోందని ముత్తాతగారు దివాణంలోని గుమ్మాలన్నీ ఊడదీయించి, ఎత్తైన టేకు ద్వారబంధాలు పెట్టించారు. ఆయన పొడగరి కాదు, ఎత్తంతా తలపాగాదే. నా కాలానికి పల్లకీ లేదు, లంక భూములు లేవు, ఆ గుమ్మాలు కాక మిగిలింది ఈ నిటారు మెడ ఒక్కటే. దాన్ని జాగ్రత్తగా ఐర్లండ్ దాకా మోసుకొచ్చాను. మనిషికి ఉద్యోగం లేకపోయినా గడుస్తుంది గాని వంశం లేకపోతే గడవదని నమ్మిన రోజులవి.

అత్లోన్‌లో చదువు ముగియగానే ఆ ఊళ్లోనే ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. కళ్లకు తగిలించుకుంటే, మన ముందున్న గదిలోనే లేని వస్తువులను కూడా చూపించే హెడ్‌సెట్లు అక్కడ చేసేవారు. వాటి ముందు భాగంలో రెండు కళ్లలా రెండు కెమెరాలుంటాయి. ఒకటి రెండోదానికి ఎంత దూరంలో, ఏ వాలున కూర్చుందో కంప్యూటరుకు కచ్చితంగా తెలియాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా బల్ల మీద ఉన్నట్టు కనబడాల్సిన లేని కప్పు గాలిలో తేలుతుంది, చూసేవాడికి కడుపులో తిప్పుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదర్చడమే నా పని. హెడ్‌సెట్ పెట్టుకుని, గోడకున్న నలుపు తెలుపు గళ్ల బోర్డును రకరకాలుగా చూస్తూ ఫొటోలు తీయాలి. (ఇదంతా చేసిపెట్టే రోబో మరచేయి కొనే స్తోమత కంపెనీకి అప్పటికి లేదు. ఆ విషయంలో కంపెనీకీ మా కుటుంబానికీ మొదటి రోజే సఖ్యత కుదిరింది.)

మా బృందానికి పెద్ద, ఐర్లండ్‌లోనే ట్రాలీ అనే ఊరి నుంచి వచ్చిన ఒకావిడ. ఏం చెప్పినా "గ్రాండ్" (అక్కడివాళ్ల మాటలో బాగుందని) అనేది కాబట్టి మాలో మేము గ్రాండ్ మేడం అనుకునేవాళ్లం. మేమంటే నేనూ, పక్క బల్ల దగ్గర పనిచేసే వరంగల్ అమ్మాయీ.

అందరి హెడ్‌సెట్లలోనూ కప్పు బుద్ధిగా బల్ల మీద కూర్చునేది. నావాటిలో మాత్రం తేలేది. చిత్రమేమిటంటే, కంప్యూటరు నా ఫొటోలు చూసి తప్పు దాదాపు లేదనే చెప్పేది. నేను దాన్నే నమ్మాను. పొగిడేవాణ్ణి నమ్మడం మా ఇంటి పాత అలవాటు. మరలు బిగించాను, దీపాలు మార్చాను, బోర్డు ఉబ్బిందేమోనని స్కేలు పెట్టి చూశాను. చివరకు గ్రాండ్ మేడం నా బల్ల దగ్గరకు వచ్చి, మొదటిసారి గ్రాండ్ అనకుండా మాట్లాడింది.

"శుక్రవారంతో నీ ప్రొబేషన్ అయిపోతుంది. ఆలోగా ఒక్క హెడ్‌సెటైనా సరిగ్గా చూపించు. లేకపోతే నేను సంతకం పెట్టలేను."

ఆ సంతకం లేకపోతే ఉద్యోగం పోతుంది. దాని వెనకే వర్క్ పర్మిట్టూ, అద్దె గదీ. అయినా ఆ మాట విన్నంతసేపూ నా వీపు కుర్చీకి ఆనలేదు. (ముత్తాతగారు మెచ్చుకునేవారు.)

గురువారం మధ్యాహ్నం వరంగల్ అమ్మాయి టీ తాగుతూ నేను ఫొటోలు తీయడం చూసింది. ముందుకు నడిచాను, వెనక్కు నడిచాను, కుడికి జరిగాను, ఎడమకు జరిగాను.

"అన్నా, మెడ పట్టిందా?"

"లేదండి. ఏం?"

"బోర్డును సూస్తున్నవా, దానితోని పెండ్లి ఫొటో దిగుతున్నవా? అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. జెర తల వంచు, పక్కకు వాల్చు."

"మా ఇంట్లో తల వంచే అలవాటు లేదండి."

"మీ ఇంటి సంగతి బోర్డుకు ఎర్కనా అన్నా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వడం విని గ్రాండ్ మేడం వచ్చింది. నా ఫొటోలు వరసగా చూసి, తాను మాత్రం నవ్వాపుకుంది. నిటారుగా ఎదురుగా చూస్తే బోర్డు ఎంత దూరంలో ఉందో కెమెరాకు తేలదని, ఏటవాలుగా చూస్తేనే దగ్గరి గళ్లు పెద్దవిగా, దూరపు గళ్లు చిన్నవిగా కనబడి లెక్క కుదురుతుందని చెప్పింది. (ఇది నేను చదివిన పుస్తకంలోనూ ఉంది. నా మెడకు వర్తిస్తుందని అనుకోలేదు.)

"మా నానమ్మ ఇంటి గుమ్మం నీ భుజం దాకా ఉండేది. చర్చి ఫాదర్ వచ్చినా, డాక్టర్ వచ్చినా వంగి రావాల్సిందే," అంది.

"మరి పెద్దింటివాళ్లు వస్తే?"

"వాన పడితే వాళ్లూ తడిసేవాళ్లేగా. లోపల పొయ్యి ఉండేది, టీ ఉండేది. ప్రెస్ అడుగున చెంచా పడిందనుకుని వంగు." (ఇక్కడ వంటింటి అల్మరాను ప్రెస్ అంటారు.)

వంగాను. మొదట మెడలో ఏదో కిటుక్కుమంది. అది వంశమే అయివుంటుంది. తర్వాత కుడికి వాల్చాను, ఎడమకు వాల్చాను, గడ్డం ఎత్తి చూశాను. "గట్లనే అన్నా, నోములకు కూసున్నట్టు," అంటూ వరంగల్ అమ్మాయి తాళం వేసింది.

శుక్రవారం గ్రాండ్ మేడం నా హెడ్‌సెట్ పెట్టుకుని, లేని కప్పు పక్కన తన నిజం కప్పు పెట్టింది. రెండూ ఒకే బల్ల మీద, ఒకే ఎత్తున నిలిచాయి. "గ్రాండ్," అంది. ఏ కలెక్టరు చూపించిన కుర్చీ కన్నా అది నాకు పెద్దగా తోచింది.

ఇప్పుడు మా దగ్గర మరచేయి ఉంది. దానికి వంగడం నేర్పింది నేనే. ఏ వంశం లేని వినయంతో అది బోర్డుకు అన్ని దిక్కుల నుంచీ దండాలు పెడుతుంటే, మెడ బిగించుకుని అటూ ఇటూ జరిగిన అప్పటి నాలోని కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. వాడిమీద కోపం లేదు. వాడికి తెలిసిన గుమ్మాలన్నీ ఎత్తైనవే.

ముత్తాతగారు పెట్టించిన ఆ ద్వారబంధాలను, నా మెడ వంగిన ఏడాదే, కాకినాడలో కడుతున్న ఒక హోటలుకు అమ్మేశాం.