ఒకే ఊరు, రెండు విమానాశ్రయాలు

ఒక విమానాశ్రయంలో దిగి, అదే ఊళ్లోని మరో విమానాశ్రయంలో ఎక్కవలసిన టికెట్టును, ఆ సంగతి చెప్పకుండా, ఒక టికెట్ల సంస్థ ఒక లాండ్రీ కార్మికుడికి అమ్మింది. అందువల్ల అతను అక్క కడచూపుకు నోచుకోలేదు.

ఆసుపత్రి లాండ్రీలో అతన్ని అందరూ చీటీల మామ అంటారు. ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్ల మూట ఏ వార్డుకు పోవాలో రాసి చీటీ కట్టేది అతనే. యంత్రాల హోరుకు చెవులు సగం మొద్దుబారాయి. “మామ చీటీ కడితే మూటకు కాళ్లొచ్చినట్టే” అని తోటివాళ్ల వేళాకోళం.

అమ్మ పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది అక్క. ఆమెను దూరదేశపు ఆసుపత్రిలో చేర్చారని తెలిసి ఫోన్ చేశాడు. అక్క గొంతు పీలగా ఉన్నా నోరు మాత్రం తగ్గలేదు.

“తీరిగ్గా రారా వెధవా. నువ్వొచ్చేదాకా యముణ్ణి గుమ్మంలో కూచోబెట్టి కబుర్లు చెబుతుంటాలే.”

“నీ కబుర్లు వింటే వాడే పారిపోతాడక్కా.”

ఫోన్ పెట్టేశాక మూటల వెనక్కి పోయి ముఖం తుడుచుకున్నాడు.

టికెట్ల కౌంటరులో, చీటీలు చదివే అలవాటు కొద్దీ, టికెట్టు మీద వేలు పెట్టి అక్కడి అమ్మాయిని అడిగాడు.

“అమ్మా, మధ్యలో విమానం మారే ఊళ్లో దిగేచోట ఈ మూడక్షరాలు, ఎక్కేచోట వేరే మూడక్షరాలు ఉన్నాయేంటి?”

“అవి మా కోడ్లు బాబాయ్, నీకెందుకు? ఊరు ఒకటేగా!”

ఆ అక్షరాలు ఊరివి కావు, విమానాశ్రయాలవి. ఆ ఒక్క ముక్క ఆమె చెప్పలేదు.

ఆ ఊళ్లో దిగాక, తెరల మీద అతని రెండో విమానం కనబడలేదు. అక్కడి ఉద్యోగి టికెట్టు చూశాడు.

“ఇది ఇక్కణ్ణుంచి కాదండీ. ఊరికి ఆ కొసన ఇంకో ఎయిర్‌పోర్టుంది, అక్కణ్ణుంచి.”

“మరి నా పెట్టె?”

“అదీ మీరే తీసుకెళ్లాలి.”

పెట్టె కోసం నిలబడి, టాక్సీ ఎక్కి, వాహనాల బారులో ఇరుక్కుపోయాడు. అక్క కూతురు ఫోన్ చేసింది.

“మావయ్యా, ఎక్కావా? అమ్మ గుమ్మం వైపే చూస్తోంది.”

“ఎక్కేస్తున్నా తల్లీ. వచ్చేస్తున్నానని చెప్పు.”

టాక్సీ అంగుళం కదలలేదు. విమానం అతను లేకుండానే ఎగిరిపోయింది.

తరువాతి విమానంలో చేరేసరికి అక్క మంచం ఖాళీగా ఉంది. దాని మీద మడతపెట్టిన కొత్త దుప్పటి, దాని మూలన ఎవరో కట్టిన చీటీ. అలవాటుగా చదివాడు. వార్డు సరిగ్గానే ఉంది. దుప్పటి చేరవలసిన చోటికే చేరింది.

అతని ఫిర్యాదుకు సంస్థ జవాబు, టికెట్టు అడుగున అచ్చేసిన ఒకే వాక్యం: వివరాలు సరిచూసుకోవలసిన బాధ్యత ప్రయాణికుడిదే.

అతను సరిచూసుకున్నాడు. వేలుపెట్టి మరీ అడిగాడు. “నీకెందుకు” అన్నది టికెట్టు అమ్మిన మీరు. లాండ్రీలో మూట దారి తప్పితే సంజాయిషీ చెప్పవలసింది చీటీ కట్టినవాడు, దుప్పటి లేక వణికే రోగి కాదు. టికెట్టు మీద మీ వాక్యం కొట్టేయండి. “ఇక్కడ విమానాశ్రయం మారాలి” అని, చదవగలిగే భాషలో, కోడ్ల కన్నా పెద్ద అక్షరాలతో వేయండి. ఆ పైన కౌంటరు వెనక నుంచి లేచి, ఆ లాండ్రీకి వెళ్లి, అతని ఎదుట నిలబడి, తప్పు మాదేనని చెప్పండి.