అడిగి తెచ్చుకున్న చట్టం

ఐర్లండ్‌లోని బాలినాలో నా సెలూన్ పైగదిలో నూలా హెషన్ చాలా ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తోంది. దిగులుతో మెట్లెక్కినవాళ్లలో కొందరు దిగేటప్పుడు నా దగ్గర ఆగి జుట్టు కత్తిరించుకునేవారు. తల లోపలి పని నూలాది, పైపని నాది అని నవ్వుకునేవాళ్లం.

ఒక ఏడాది మా వీధిలో ఒకాయన, ఎక్కడో వారాంతపు తరగతికి వెళ్లొచ్చి, సైకోథెరపిస్టునంటూ బోర్డు పెట్టాడు. భర్త పోయిన డింఫ్నా ఆయన దగ్గరికి వెళ్లింది. "నువ్విలా ఏడుస్తుంటే మీ ఆయనకి శాంతెక్కడిది?" అన్నాడట. ఆ తర్వాత డింఫ్నా చాలా రోజులు గడప దాటలేదు.

నూలా మండిపడుతూ పోలీసుల దగ్గరికి వెళ్లింది.

"ఏం చెయ్యమంటారమ్మా? ఆ బోర్డు ప్లంబరైనా పెట్టుకోవచ్చు. వద్దనే చట్టం లేదు" అన్నాడు అక్కడి గార్డా, అంటే మా పోలీసు.

"అయితే తెప్పిస్తా" అంది నూలా.

అన్నంత పనీ చేసింది. ఓట్లడగడానికి వచ్చిన ఏ నాయకుణ్ణీ ఊరికే పోనివ్వలేదు. "వానొస్తోందమ్మా, వెళ్లొస్తా" అని ఒకాయన జారుకోబోతే, "తడిస్తే కరిగిపోతారా? నిలబడండి" అంది. ఆమెలాంటివాళ్లు దేశమంతటా అడగ్గా అడగ్గా, చివరికి చట్టం వచ్చింది. ప్రభుత్వ రిజిస్టరులో పేరున్నవాళ్లే ఇక ఆ బోర్డు పెట్టుకోవాలి.

తీరా చూస్తే నూలా పాత డిప్లొమా కొత్త లెక్కకు చాలలేదు. పరీక్షకు కూర్చోవాలన్నారు. అప్పటికామెకు అరవై దాటాయి. నవ్వు ఆపుకోలేక నేను దువ్వెన కింద పడేశాను.

"నవ్వకే అట్రాక్టా! నాకు వర్తించకపోతే అదేం చట్టమే?"

చదువుకు కూర్చుంది. మళ్లీ గడప దాటుతున్న డింఫ్నా రోజూ వచ్చి పాఠాలు ఒప్పజెప్పించుకునేది. తప్పు చెబితే బిస్కెట్ల డబ్బా మూసేసేది.

డబ్లిన్‌కు నేనే కారులో తీసుకెళ్లాను. పరీక్ష గదిలో జరిగింది తిరుగు దారిలో చెప్పింది. ఉద్యోగం పోయినవాడిగా నటించడానికి ఒక నటుణ్ణి పెట్టారట. "ఈ సంగతి మొదట ఎవరికి చెప్పారు?" అని అడిగింది నూలా. అతను "మా అమ్మకి చెప్పేవాణ్ణి. పోయినేడాది పోయింది" అని కళ్లజోడు తీసేశాడు. అది అతనికి రాసిచ్చిన మాట కాదు.

"బాబూ, ఇది నా పరీక్ష. మీ సొంత బాధ ఇక్కడ బయటపెట్టక్కర్లేదు" అంది నూలా. తర్వాత పరీక్షకుల వైపు తిరిగి, "నా మార్కులు పోతే పోనీయండి. ఈయనకి కాసేపు విరామమివ్వండి, కాస్త టీ కూడా" అందట.

"పోయిందే, పరీక్ష తగలెట్టేశా" అంటూనే దారిపొడుగునా ఇద్దరి చిప్సూ తనే తినేసింది.

కొన్ని వారాలకు ఫోను మోగింది. నూలా మెట్ల మీద నుంచి కేకలు పెడుతూ దిగింది. "పాసయ్యానే!" జుట్టుకు రంగు పట్టించుకుని కుర్చీలో కూర్చున్న ఒకావిణ్ణి కూడా లేపి గిరగిరా తిప్పేసింది. డింఫ్నా పుల్లటి రూబార్బ్ కాడలతో చేసిన టార్టు తెచ్చింది. కత్తి కనబడకపోతే దువ్వెనతో కోయబోయింది, నేను చేయి పట్టుకున్నాను.

కొన్నాళ్లకు ఆ వారాంతపు తరగతి పెద్దమనిషి తన బోర్డు విప్పుకోవలసి వచ్చింది. ఆ పూట గాలి జోరుగా వీస్తోంది, ఆయనెక్కిన నిచ్చెన ఊగుతోంది. డింఫ్నా గబగబా వీధి దాటి వెళ్లి దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"మెల్లగా విప్పండి," అంది ఎంతో మర్యాదగా, "నాకేం తొందర లేదు."

కిటికీలోంచి నూలా నవ్వు వీధి చివరి వంతెన దాకా వినిపించింది.