ఆరో నంబరు సైకిలు గంట

యేసుపాదంగారు యాభై రెండో ఏట సైకిలు నేర్చుకున్నారు. నరసరావుపేటలో ఒక సర్కారు కచేరీలో ఉత్తరాలకు శుద్ధప్రతులు రాయడం ఆయన ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళుగా కచేరీకి, బజారుకు, గుడికి నడిచి తిరిగిన మోకాళ్ళు 1961లో మొండికేయడంతో, మౌలాలీ దుకాణంలో గంటల లెక్కన అద్దెకిచ్చే సైకిలు వాడి చూడాలని నిశ్చయించారు.

"ఈ వయసులో ఈ యావేంది నీకు?" అని భార్య రాజమ్మ దెప్పింది.

"ఆ మాట నా మోకాళ్ళనడుగు."

మౌలాలీ ఆయనను ఎగాదిగా చూసి, మడ్‌గార్డు మీద తెల్లరంగుతో ఆరు అని రాసిన బండిని ముందుకు లాగాడు. "ఇది తీసుకోండి గుమాస్తాగారూ. సీటు కిందికుంటది. పడ్డా నేల దగ్గరే."

దాని గంట ఒకసారి ఖంగుమని, వెంటనే గొంతులో కఫం అడ్డుపడినట్లు గరగరమనేది. సాయంత్రం ఇంటికి పోతూ స్టేషను వెనుక సందు మలుపులో ఆయన గంట కొట్టేవారు. కొట్టగానే మూడో ఇంటి తలుపు తెరుచుకునేది. ముప్ఫై ఏళ్ళ స్త్రీ నీళ్ళచెంబుతో గడపలోకి వచ్చి, ఆయన ముఖం చూసి, చెంబుతోనే లోపలికి వెళ్ళిపోయేది. మొదటి రోజు ఎవరికోసమో అనుకున్నారు. ఐదో రోజుకు ఆ చెంబు ఆయన నిద్రలోకి కూడా రాసాగింది.

మరునాడు మౌలాలీని అడిగారు.

"కళాయి మజీద్ పెళ్ళాం మహమూదా. ఊళ్ళెంట గిన్నెలకు కళాయి పెట్టను మజీద్ రోజూ ఈ ఆరో నంబరే తీసుకునేవోడు. రెండేళ్ళ కిందట కృష్ణ ఒడ్డున బండి ఆనించి, అవతలికి పోను పుట్టి ఎక్కాడు. పుట్టి మునిగింది. నేనే పోయి బండి తెచ్చుకున్నా."

"ఆమెకు తెలియదా?"

"కాయితమొచ్చింది. శవం దొరకలేదని రాశారు. దొరకలేదంటే యాడో ఉన్నాడని ఆమె పట్టు. శావల్యాపురం నించి అన్న వచ్చి రమ్మని పోరతన్నాడు. మొగుడొచ్చి తాళం చూసి ఎనక్కి పోతాడేమోనని ఇల్లు కదలదు."

"ఆ గంటైనా మార్చరాదూ?"

"మార్చా. పొద్దస్తమానం వచ్చి ఇక్కడే కూచుంది. మళ్ళీ పాతదే బిగించా."

ఆనాటి నుండి యేసుపాదంగారు మలుపుకు ముందే దిగి, చప్పుడు కాకుండా బండిని నడిపించుకుంటూ పోయేవారు. మూడో సాయంత్రం ఆమె వీధిలోనే నిలబడి ఉంది.

"గంట కొట్టకుండా దొంగలా పోతన్నావేంది పెద్దయ్యా? నువ్వు ఆయన కాదని నాకు తెలుసులే. కచేరీలో పనంటగా, ఈ కాయితం చదివి పెట్టు."

నాలుగు మడతల కాగితం. విప్పగానే ఆయన ఎదుట ఆయన దస్తూరీయే నిలిచింది. గుండ్రని అక్షరాలు, సమానమైన అంచులు, ఒక్క కొట్టివేత లేదు. చదివితే చెయ్యి ఆగుతుందని ఆయన రాసేదేదీ చదివేవారు కాదు. ఈ పేరు తన కలం కింద నుండి పోయిన సంగతి ఆయనకు జ్ఞాపకమే లేదు.

"అబ్దుల్ మజీద్ అనువాని దేహము ఇంతవరకు లభ్యము కాలేదు" అని చదివారు. తరువాతి వాక్యం పుట్టివాని లైసెన్సును గురించి. మధ్యలో ఏదో కొరతగా తోచింది.

"ఇంతవరకు అంటే ఇంకా ఎతుకుతున్నట్టేగా?"

"రేపు చెబుతానమ్మా."

మరునాడు పాత కట్ట విప్పి అసలు ఉత్తరం తీశారు. లభ్యము కాలేదు అన్న పంక్తి కింద మరి రెండు పంక్తులు ఉన్నాయి. "ఒడ్డుననున్న ఇద్దరి కండ్లయెదుటనే అతడు మునిగెను, తిరిగి పైకి తేలలేదు. గాలింపు ఆపివేయడమైనది. మృతునిగా నిర్ణయించడమైనది. ఇక వెదుకుటకు అవకాశము లేదు." పై పంక్తీ, చివరి పంక్తీ లేదు అన్న మాటతోనే ముగిశాయి. చూపు ఒక లేదు నుండి మరొక లేదుకు జారింది. పక్కన కూర్చుని సరిచూడవలసిన గుమాస్తా ఆనాడు సెలవు. సరిచూడడమైనది అన్న చోట కూడా సంతకం తనదే.

ఆ సాయంత్రం మలుపులో ఆయన గంట కొట్టారు. తలుపు తెరుచుకుంది. బండి దిగి, నిలబడే, విడిచిన పంక్తులను చదివి వినిపించారు.

"ఇది ఆనాడే రాయవలసింది. రాసింది నేను. విడిచింది నేను."

మహమూదా చెంబు వంక చూసుకుంది.

"రెండేళ్ళు రోజూ రెండు కంచాలు పెట్టా" అంది. తలెత్తి, "ఆ ఇద్దరూ చూశారంటావా?"

"చూశారమ్మా."

"మరి ఒక్కడూ నాతో చెప్పలేదే" అని, చెంబులోని నీళ్ళు గడప పక్కన పారబోసి లోపలికి వెళ్ళింది.

వారం తిరగకుండా ఆ ఇంటికి తాళం పడింది. అన్న బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయాడని మౌలాలీ చెప్పాడు. యేసుపాదంగారు మళ్ళీ నడక పట్టారు. రాజమ్మ ఆయన మోకాళ్ళకు మళ్ళీ ఆముదం రాయసాగింది.

ఆరో నంబరును ఇతరులు తీసుకుంటూనే ఉన్నారు. కచేరీ కిటికీ కింద ఎప్పుడో ఒకప్పుడు ఆ గంట ఖంగుమని గరగరమనేది. అప్పుడు ఆయన కలం పక్కన పెట్టి, తాను నకలు రాస్తున్న అసలు ఉత్తరం మీద వేలు ఉంచి, మొదటి పంక్తి నుండి మళ్ళీ పైకి వినబడేలా చదివేవారు. ఉద్యోగ విరమణ చేసేవరకు, ఆ వేలు కింద ప్రతి పంక్తి చివర ఎవరో చెంబుతో వచ్చి నిలబడినట్లే ఉండేది.